తారాజువ్వ వెనక సంతకం

దీపావళి రాత్రి తారాజువ్వ వెలిగించని ఇల్లు మనలో అరుదు. హోసూరులోనైనా, బరంపురంలోనైనా, షోలాపూరులోనైనా, యానాంలోనైనా పద్ధతి ఒకటే. ఖాళీ సీసాలో పుల్ల నిలబెట్టడం, వత్తి అంటించడం, నాలుగడుగులు వెనక్కి పరుగెత్తడం. జువ్వ ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. మా చిన్నప్పుడు ఒక ఏడాది మా జువ్వ పైకి పోకుండా అడ్డంగా పోయి, ఎదురింటి తాటాకు కప్పు మీద వాలింది. బిందెలతో నీళ్లు పోసి ఆర్పేసరికి పెద్దవాళ్ల పండగ అయిపోయింది. మర్నాడు మా నాయనగారు అడిగిన మాట ఒక్కటే, "ఎవర్ని అడిగి వెలిగించార్రా?" అని.

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరా ఉండి ఉండదు. అయితే ఆ ప్రశ్ననే పట్టుకుని, దానికి జవాబుగా ఫారాలు, పరీక్షలు, సాక్షులు, సంతకాలు అన్నీ ఏర్పాటు చేసుకున్న మనుషులు అమెరికాలో ఉన్నారు. వారు సైనికులు కారు, ప్రభుత్వ శాస్త్రవేత్తలూ కారు. వారం పొడుగునా ఏదో ఉద్యోగం చేసుకుని, ఆదివారం పూట మనిషెత్తు రాకెట్లను ఎగరవేసే సరదా గలవారు. పెద్ద రాకెట్ ఎగరవేయాలంటే ముందు అర్హతా ప్రయోగం ఒకటి చేసి చూపాలి. దానికి అధికారం ఉన్నవారు చూసి సంతకం పెట్టాలి. ఆ సంతకం ఎలా పుట్టిందో ఈ పూట మీతో చెప్పాలని నా ప్రయత్నం.

రాకెట్ కథ చెబుతూ మన పక్కనే ఉన్న శ్రీరంగపట్నాన్ని దాటిపోతే కర్ణాటకలోని తెలుగువారు ఊరుకోరు. హైదర్, టిప్పుల సైన్యం వాడిన రాకెట్లకు ఇనుప గొట్టాలు ఉండేవి. కాగితపు గొట్టం కన్నా ఇనుము ఎక్కువ ఒత్తిడి తట్టుకుంటుంది కనుక అవి ఎక్కువ దూరం పోయేవి. 1780లో కంచి దగ్గర పొల్లిలూరు యుద్ధంలో వాటి దెబ్బ ఇంగ్లీషువారు రుచి చూశారు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఆ రాకెట్లు ఇంగ్లండు చేరాయి. విలియం కాంగ్రీవ్ వాటిని చూసి తన సొంత రాకెట్లు తయారుచేశాడు. 2018లో శివమొగ్గ జిల్లా నగర గ్రామంలో ఒక పాడుబడ్డ బావి తవ్వితే, తుప్పుపట్టిన రాకెట్లు వెయ్యికి పైగా బయటపడ్డాయి. రెండు వందల ఏళ్లకు పైగా అవి ఆ బురదలోనే ఉన్నాయి. యుద్ధంలో రాకెట్‌కు గురి ముఖ్యం గాని, అది క్షేమంగా తిరిగి రావడం ఎవరికీ అక్కర్లేదు. మన కథలో అదే ముఖ్యం.

1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ఆకాశంలోకి పంపింది. అమెరికాలో ఊరూరా కుర్రవాళ్లకు రాకెట్ పిచ్చి పట్టింది. దుకాణంలో దొరికే రసాయనాలు కొని, ఇంటి నేలమాళిగలో కలిపి, ఇనుప గొట్టాల్లో కూరారు. కొందరికి వేళ్లు పోయాయి, కొందరికి కళ్లు పోయాయి, ప్రాణాలు పోయినవారూ ఉన్నారు. గొట్టంలో మందు కూరేటప్పుడు చిన్న నిప్పురవ్వ చాలు, అది బాంబు అయిపోతుంది. పశ్చిమ వర్జీనియాలో కోల్‌వుడ్ అనే బొగ్గుగనుల ఊళ్లో హోమర్ హిక్కమ్ అనే కుర్రవాడి మొదటి ప్రయత్నం వాళ్లమ్మ గులాబీ తోట కంచెను పేల్చేసింది. అతని అదృష్టం బాగుంది. గనిలో పైఅధికారి అయిన తండ్రి, ఊరికి దూరంగా బొగ్గు వ్యర్థాలు పోసే బంజరు నేలను చివరకు వాళ్లకు వదిలాడు. గని వర్క్‌షాపు పనివారు లోహపు భాగాలు చేసిపెట్టారు. ఆ కుర్రవాడు 1960లో జాతీయ సైన్సు ప్రదర్శనలో పతకం గెలిచి, పెద్దయ్యాక నాసాలో ఇంజనీరు అయ్యాడు. అతను 1998లో రాసిన పుస్తకం మరుసటి ఏడాది సినిమాగా వచ్చింది. అది అదృష్టవంతుడి కథ. దురదృష్టవంతుల మీద పుస్తకాలు రావు.

ఇటువంటి సమయంలో నెబ్రాస్కా రాష్ట్రంలో నార్‌ఫోక్ అనే చిన్న ఊళ్లో ఆర్విల్ కార్లైల్ అనే చెప్పుల దుకాణదారు ఉన్నాడు. ఆయనకు బాణసంచా అంటే ప్రాణం, ఆయన అన్నదమ్ముడు రాబర్ట్‌కు చిన్న విమానాల బొమ్మలంటే ప్రాణం. రాకెట్ సూత్రం గురించి ఉపన్యాసాలిచ్చేటప్పుడు చూపడానికి ఒక బొమ్మ కావాలని రాబర్ట్ అడిగితే, 1954లో ఇద్దరూ కలిసి ఒకటి తయారుచేశారు. కాగితపు గొట్టం, తేలికైన చెక్కతో రెక్కలు, లోపల చిన్న ప్యారాచూట్. అసలు తెలివి ఎక్కడుందంటే, మందు కూరిన మోటారు విడిగా, సిద్ధంగా వస్తుంది. ఎగరవేసేవాడు మందు ముట్టుకోనక్కర్లేదు. మోటారును గొట్టంలో దూర్చి, ముట్టిస్తే చాలు. పైకి పోయాక మోటారు లోపలి చిన్న మందే ప్యారాచూట్‌ను బయటికి నెడుతుంది. బొమ్మ మెల్లగా దిగుతుంది, మళ్లీ ఎగరవేయవచ్చు.

అదే కాలంలో న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్ క్షిపణి కేంద్రంలో హ్యారీ స్టైన్ అనే యువ ఇంజనీరు పనిచేసేవాడు. పిల్లలు రాకెట్లతో చేసుకుంటున్న ప్రమాదాల గురించి, క్షిపణి కేంద్రంలో భద్రత ఎలా పాటిస్తారనే దాని గురించి ఆయన 1957 మొదట్లో ఒక పత్రికలో వ్యాసం రాశాడు. చెప్పుల దుకాణదారు అది చదివి, ఉత్తరం రాసి, తన బొమ్మలను పంపాడు. పెద్ద క్షిపణుల మధ్య ఆ కాగితపు బొమ్మను ఎగరవేసి చూసిన స్టైన్‌కు విషయం అర్థమైంది. వద్దంటే వినని పిల్లలకు ఇవ్వవలసినది ఇదేనని. ఆ ఏడాదే ఆయన ఒక సంఘం స్థాపించాడు. అదే తర్వాత నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ అయింది. వైట్ శాండ్స్‌లో పెద్దలు పాటించే క్రమశిక్షణను పిల్లల ఆటకు తగ్గట్టు కుదించి భద్రతా నియమావళి రాశారు. లోహపు గొట్టాలు వద్దు, మందు కలపవద్దు, దూరం నుంచే ముట్టించాలి, అంకెలు వెనక్కి లెక్కపెట్టాలి, ప్యారాచూట్ తప్పదు. మోటార్లకు గిరాకీ పెరిగేసరికి కొలరాడోలో వెర్న్ ఎస్టెస్ అనే ఆయన 1959లో వాటిని తయారుచేసే యంత్రం కనిపెట్టాడు. దానికి మేబెల్ అని ముద్దుపేరు. అది ఐదున్నర సెకన్లకు ఒక మోటారు చేసేది.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, విసుక్కోకండి. మోటారు బలాన్ని, అది మండే సమయాన్ని కలిపి న్యూటన్-సెకన్లలో కొలుస్తారు. దాన్ని బట్టి మోటార్లకు అక్షరాలు పెట్టారు. ఎ అంటే రెండున్నర లోపు. బి అంటే 5 లోపు, సి అంటే 10 లోపు. అక్షరం మారిన ప్రతిసారీ బలం రెట్టింపు. వినడానికి చిన్నదిగానే ఉంటుంది. కాని జి దాటి హెచ్‌కు వచ్చేసరికి 320 అవుతుంది, ఎం దగ్గర పదివేలు దాటుతుంది, ఓ దగ్గర 40,960. అంటే ఎ మోటారుకు పదహారు వేల రెట్లు. వడ్డీ వ్యాపారం తెలిసినవారికి రెట్టింపు సంగతి నేను వేరే చెప్పనక్కర్లేదు.

స్టైన్ సంఘం తన సభ్యుల రాకెట్లు 453 గ్రాములు, అంటే ఒక పౌను, దాటకూడదని కట్టడి చేసింది. అది పిల్లల క్షేమం కోసం పెట్టిన గీత. కాని ఆ పిల్లలు పెద్దవారయ్యారు. కృత్రిమ ఉపగ్రహ రాకెట్లలో వాడే రకం ఇంధనం, అమ్మోనియం పర్‌క్లోరేటు కలిపిన రబ్బరు లాంటి పదార్థం, చిన్న మోటార్లలోనూ రావడం మొదలైంది. గీత దాటి ఎగరవేసేవారిని సంఘం వెలివేసినంత పని చేసింది. వారు 1982లో ఒహాయో రాష్ట్రంలోని మెడీనాలో సమావేశమై, తమ జాతరకు 'పెద్దవీ ప్రమాదకరమైనవీ అయిన రాకెట్ నౌకలు' అని వేళాకోళపు పేరు పెట్టుకున్నారు. ఆ జాతర తర్వాత ఏటా సాగుతూ వచ్చింది. పెన్సిల్వేనియాలో 1964లో కుర్రవాళ్ల సైన్సు క్లబ్బుగా పుట్టిన ట్రిపోలీ అనే సంఘం ఈ పెద్ద రాకెట్లవారికి ఇల్లయింది.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. పెద్దవాళ్లం, మా ఇష్టం అంటే ప్రభుత్వం ఊరుకోదు, బీమా కంపెనీ ఊరుకోదు, పొలం ఇచ్చే రైతు ముందే ఊరుకోడు. ఒక్కడి తల మీద రాకెట్ పడితే అందరి సరదా ముగుస్తుంది. అందుకని తమ మీద తామే కాపలా పెట్టుకున్నారు. ఎవరికి ఎంత పెద్ద మోటారు అమ్మాలో తేల్చే అర్హతా పత్రాలు అలా వచ్చాయి. కొంతకాలానికి పాత సంఘం కూడా మనసు మార్చుకుని అదే దారికి వచ్చింది. అగ్నిభద్రతా నియమాలు రూపొందించే జాతీయ సంస్థ ఈ పద్ధతిని తన నియమావళిలో చేర్చుకుంది. సర్కారు అధికారి చేయవలసిన పనిని సరదారాయుళ్ల సంఘం చేయడం, దాన్ని చట్టం తెలిసినవారు ఒప్పుకోవడం, నాకు ఈ కథలో బాగా నచ్చిన మలుపు ఇది.

అర్హతలు మూడంచెలు. మొదటిది హెచ్, ఐ మోటార్లకు. రెండోది జె, కె, ఎల్‌లకు. దీనికి రాత పరీక్ష కూడా ఉంది. మూడోది ఎం, ఎన్, ఓ మోటార్లకు. మొదటి రెండింటికీ రాకెట్ మీరే కట్టి, సాక్షుల ఎదుట ఎగరవేసి, దిగాక తెచ్చి చూపించాలి. మూడో అంచెలో అలా వచ్చి ఇలా ఎగరవేయడం కుదరదు. దాని సంగతి కొంచెం వివరంగా చెబుతాను.

ముందు సంఘం గుర్తించిన ఇద్దరు అనుభవజ్ఞులను వెతుక్కోవాలి. వారికి మీ నమూనా గీతలు, లెక్కలు, వాడే సామగ్రి జాబితా పంపాలి. వారు మొదట అడిగేది ఒకటుంది. మన జువ్వకు పుల్ల ఎందుకు కడతారు? పుల్ల లేని జువ్వ గింగిరాలు తిరుగుతుంది. వస్తువు బరువంతా ఆగే బిందువు ఒకటి, గాలి ఒత్తిడంతా పనిచేసే బిందువు మరొకటి ఉంటాయి. గాలి బిందువు బరువు బిందువుకు వెనక ఉంటేనే రాకెట్ ముక్కు ముందుకు నిలబడుతుంది. పుల్ల చేసే పని అదే, పెద్ద రాకెట్‌లో రెక్కలు చేసే పనీ అదే. ఆ రెండు బిందువుల మధ్య కనీసం రాకెట్ అడ్డుకొలత అంత దూరం ఉందా అని పరిశీలకులు చూస్తారు. మోటారు తోపుడు బలం రాకెట్ బరువుకు మూడు రెట్లకు తగ్గకూడదు. తగ్గితే అది నెమ్మదిగా లేచి, గాలికి ఒరిగి, జనం వైపు తిరుగుతుంది.

రెండో ప్రశ్న, ఎలా దిగుతుందని. పైకి పంపడం కష్టం కాదండీ, దింపడం కష్టం. చాలా పెద్ద రాకెట్లలో ప్యారాచూట్లు రెండు. శిఖరం చేరాక చిన్నది తెరుచుకుంటుంది. దానితో వేగంగానే, కాని అదుపులో దిగి, నేలకు రెండు మూడు వందల మీటర్ల ఎత్తులో ఉండగా పెద్దది తెరుచుకుంటుంది. మొదటే పెద్దది తెరిస్తే గాలి దాన్ని మైళ్ల దూరం ఎత్తుకుపోతుంది. తెరవమని చెప్పేది చిన్న ఎలక్ట్రానిక్ పరికరం. గొట్టానికి పెట్టిన సన్నని రంధ్రాల ద్వారా బయటి గాలి ఒత్తిడి చూసి ఎత్తు లెక్క కడుతుంది. ఈ పరికరం ఒకటి చాలదు, రెండుండాలి. వేరే బ్యాటరీ, వేరే తీగలు, వేరే మీట. ఒకటి చెడితే రెండోది పనిచేయాలి. రెండూ ఒకే బ్యాటరీ మీద నడిస్తే అవి రెండు కావు, ఒకటే. ఈ చిన్న సంగతి దగ్గర ఆగిపోయేవారు ఉంటారు.

కట్టేటప్పుడు దశదశకూ ఫోటోలు తీయాలి. అంటించి మూసేశాక లోపలి అతుకు ఎవరికీ కనిపించదు కదా. ప్యారాచూట్‌ను నెట్టే మందు ఎంత కావాలో నేల మీదే పరీక్షించి చూడాలి. ఇద్దరికీ తృప్తి కలిగాక, ఇక ఎగరవేయవచ్చునని సంతకాలు. ప్రయోగం నాడు మైదానంలో భద్రతాధికారి మళ్లీ మొదటి నుంచీ చూస్తాడు. రెక్కలు పట్టి ఊపుతాడు. రాకెట్ ఎంత మంచిదైనా గాలి గంటకు 32 కిలోమీటర్లు దాటితే కాదంటాడు. ఎం మోటారుకు మనుషులు కనీసం 150 మీటర్ల దూరాన ఉండాలి.

ఆకాశానికి వేరే యజమాని ఉన్నాడు. అమెరికా విమానయాన శాఖకు కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి. 2008 చివర ప్రకటించి 2009లో అమలుచేసిన నియమాల ప్రకారం, ఆకాశం సగానికి మించి మబ్బు పట్టి ఉంటే ఆ ఎత్తుకు పంపకూడదు. ఏ మబ్బులోకీ దూసుకుపోకూడదు. అనుమతి లేకుండా విమానాశ్రయం సరిహద్దుకు 9.26 కిలోమీటర్ల లోపల కుదరదు. నెలల తరబడి శ్రమపడి, వందల మైళ్లు బండిలో మోసుకొచ్చి, ఒక్క మబ్బు కోసం రాకెట్‌ను మళ్లీ బండెక్కించుకుని ఇంటికి పోయేవారున్నారు. అది చూసి నవ్వేవారిని నేను నమ్మను.

సరే, అన్నీ కుదిరి రాకెట్ ఎగిరింది. అప్పటికీ అర్హత రాలేదు. వెతికి, తెచ్చి, పరిశీలకుల ముందు పెట్టాలి. భాగాలన్నీ తాళ్లతో కలిసే దిగాలి. మోటారు గొట్టం లోపలే ఉండాలి. మళ్లీ మోటారు పెట్టి అప్పటికప్పుడు ఎగరవేయడానికి తగినట్టు చెక్కుచెదరకుండా ఉండాలి. రెక్క విరిగితే లేదు. ప్యారాచూట్ తాడు గొట్టాన్ని కోసేస్తే లేదు. ఆకాశంలో ఎంత అందంగా పోయినా లెక్కలోకి రాదు. అన్నీ సరిపోతేనే చివరి సంతకం.

ఇలాంటిది ఒక సరదాకు ఎందుకంటారా? సంతకం బరువు మన దేశంలోనే చూడండి. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి మన మొదటి ఉపగ్రహ వాహకం ఎస్.ఎల్.వి.-3 ప్రయోగం జరిగింది. ప్రయోగానికి సారథి అబ్దుల్ కలాం. చివరి క్షణాల్లో కంప్యూటర్ ప్రయోగాన్ని ఆపింది. నిపుణులు ఫరవాలేదనడంతో తాను కంప్యూటర్ మాట తోసిపుచ్చి ముందుకు సాగమన్నానని కలాం గారే తర్వాత ఎన్నో ప్రసంగాల్లో చెప్పారు. రెండో దశ అదుపు తప్పి రాకెట్ బంగాళాఖాతంలో పడింది. అధ్యక్షుడు సతీశ్ ధవన్ పత్రికల ముందు ఆ బాధ్యత తన మీద వేసుకున్నారు. 1980 జులై 18న విజయం వచ్చినప్పుడు మాత్రం పత్రికలవారితో మాట్లాడమని కలాం గారినే పంపారు. ఇప్పుడు శ్రీహరికోటలో ప్రతి ప్రయోగానికీ ముందు సంసిద్ధతా సమీక్ష, ఆపైన అనుమతి మండలి ఉన్నాయి. ఎగరవేయాలని ఆత్రంగా ఉన్నవాడి చేతిలోనే ఆఖరి మాట ఉండకూడదు. అమెరికా సరదారాయుళ్లు చేసుకున్న ఏర్పాటూ ఇదే.

వారికి ఇంకో యుద్ధం మిగిలింది. పేలుడు పదార్థాలను పర్యవేక్షించే అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి వారి మోటారు ఇంధనాన్ని పేలుడు పదార్థాల జాబితాలో ఉంచింది. అంటే లైసెన్సు, నిల్వకు ప్రత్యేక గిడ్డంగి, తనిఖీలు. రెండు సంఘాలూ, ఒకప్పుడు ఎడమొహం పెడమొహంగా ఉన్నవే, కలిసి 2000 ఫిబ్రవరిలో కోర్టుకెక్కాయి. ఈ ఇంధనం మండుతుంది గాని పేలదు అన్నది వారి వాదన. 2006లో పైకోర్టు ప్రభుత్వ సంస్థను అడిగింది, మండడానికి, పేలుడు జాతి మంటకు మధ్య మీ గీత ఎక్కడుందో చెప్పండి అని. సరైన కొలమానం చూపలేకపోయారు. 2009 మార్చి 16న న్యాయమూర్తి రెగ్గీ వాల్టన్ సంఘాల పక్షాన తీర్పు చెప్పారు. తొమ్మిదేళ్ల వ్యాజ్యం. సభ్యుల చందాలతో నడిచింది.

ఇంతలో ఒక మాట మరవకూడదు. ఆ ఇంధనంలోని పర్‌క్లోరేటు సాధువేమీ కాదు. 1988 మే 4న నెవాడాలోని హెండర్సన్‌లో దాన్ని తయారుచేసే కర్మాగారం పేలి ఇద్దరు చనిపోయారు, వందలమంది గాయపడ్డారు. మన దేశంలో లైసెన్సు లేకుండా మందు కూరడం 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద నేరం. ఇది చదివి ఏ పిల్లవాడూ గొట్టాల జోలికి పోకూడదు, పెద్దలు గమనించాలి.

ఆ తీర్పు వచ్చిన నలభై రోజులకు, 2009 ఏప్రిల్ 25న, మేరీలాండ్ రాష్ట్రంలో ప్రైస్ అనే ఊరి దగ్గర ఒక పొలంలో వేలమంది పోగయ్యారు. స్టీవ్ ఈవ్స్ అనే ఒహాయోవాసి, చంద్రుడి మీదికి మనుషులను పంపిన సాటర్న్-5 రాకెట్‌ను పదోవంతు కొలతలో తన చేతులతో కట్టి తెచ్చాడు. ఎత్తు 36 అడుగులు, బరువు దాదాపు ఏడు వందల యాభై కిలోలు. అడుగున తొమ్మిది మోటార్లు. కాగితాలన్నీ పూర్తయ్యాయి, జనం దూరంగా జరిగారు, అంకెలు వెనక్కి లెక్కపెట్టారు. అది నిటారుగా 4,440 అడుగుల ఎత్తుకు వెళ్లింది. అందరి కళ్లూ పైనే. శిఖరం దగ్గర ముక్కలు విడివడి, ప్యారాచూట్లు ఒకటొకటిగా విచ్చుకున్నాయి. ఆ ఏడు వందల చిల్లర కిలోల బొమ్మ అదే పొలంలో దిగి నిలిచింది.